బీరువా మీది పాత స్కానర్



మన పల్లె సంఘాల్లో, పాస్టరుగారి ఇంట్లో గాని వెస్ట్రీ గదిలో గాని, బీరువా మీద ఒక వస్తువు తరచుగా కనబడుతుంది. పలకలాగా పలుచగా ఉండి, పాత టేబులు గుడ్డ కప్పుకొని, నెత్తిన ఒక పుస్తకాల కట్ట మోస్తూ ఉంటుంది. అది స్కానర్. పదిహేను ఇరవై ఏళ్ళ క్రితం పట్నంలోనో అమెరికాలోనో ఉద్యోగం చేసే సంఘస్థుల బిడ్డ ఎవరో ప్రేమతో తెచ్చి ఇచ్చి ఉంటారు. కొన్నాళ్ళు బాగానే పని చేసింది. తరువాత కంప్యూటర్ మారింది. కొత్త కంప్యూటర్ దానిని గుర్తుపట్టలేదు. దుకాణంలో చూపిస్తే "అయ్యగారూ, దీని కాలం అయిపోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు. తీసుకోవడానికి సంఘం పెట్టెలో డబ్బు లేదు, పారేయడానికి మనసు ఒప్పదు. అందుచేత అది బీరువా ఎక్కింది.

ఆ స్కానర్‌ను కిందికి దించే సంగతి ఈ నెల రాస్తున్నాను. అందులో చాలా వాటికి రోగమేమీ లేదు. అద్దం బాగానే ఉంది, మోటారు బాగానే ఉంది. పోయింది దుభాషి మాత్రమే.

పూర్వం దొరగారు ప్రసంగించేటప్పుడు పక్కన దుభాషి నిలబడేవాడని మన తాతలు చెప్పేవారు గదా. దొరగారికి తెలుగు రాదు, జనానికి ఇంగ్లీషు రాదు. దుభాషి ఆ పూట రాకపోతే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిందే. కంప్యూటర్‌కూ స్కానర్‌కూ నడుమ ఉండే ఆ దుభాషినే డ్రైవర్ అంటారు. స్కానర్ తయారుచేసిన కంపెనీయే విండోస్ కోసం ఆ డ్రైవర్ రాసి సీడీలో ఇచ్చింది. అది ఆనాటి విండోస్ ఎక్స్‌పీ కోసం, 32 బిట్ పద్ధతిలో రాసినది. తరువాత కంప్యూటర్లన్నీ 64 బిట్ విండోస్‌కు మారాయి. 64 బిట్ విండోస్ పాత 32 బిట్ డ్రైవర్‌ను గడప తొక్కనివ్వదు. పాత మోడళ్ళకు కొత్త డ్రైవర్ రాయడం వల్ల కంపెనీలకు రూపాయి రాదు, కాబట్టి చాలా వాటికి రాయలేదు. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ వారి సహాయం ఆగిపోయింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు కూడా సాధారణ సహాయం ముగిసింది. ఇప్పుడు స్కానర్‌తోపాటు కంప్యూటర్ కూడా బీరువా ఎక్కే రోజు వచ్చింది.

ఇక్కడ లినక్స్ మన అక్కరకు వస్తుంది. ఇది కూడా విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమే. 1991లో ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాని మూలభాగాన్ని మొదలుపెట్టి, రాసినదంతా అందరి ముందు ఉంచాడు. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, ఉచితంగా వాడవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వారు ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డారు.

లినక్స్‌లో స్కానర్ల పని చూసేది సేన్ అనే ప్రాజెక్టు. స్కానర్ యాక్సెస్ నౌ ఈజీ అనే మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. 1990లలో పుట్టింది, ఇప్పటికీ సాగుతున్నది. దీనిలో ఒక్కొక్క జాతి స్కానర్‌కు ఒక్కొక్క దుభాషి ఉంటాడు. వారు అతనిని బ్యాకెండ్ అంటారు. కొన్ని కంపెనీలు తమ యంత్రం లోపలి వివరాలు ఇచ్చాయి. ఇవ్వని చోట ఔత్సాహికులు స్కానర్‌కూ విండోస్‌కూ మధ్య తీగలో పోయే సంకేతాలను పట్టి చూసి, ఏ సంకేతానికి ఏ అర్థమో ఒక్కొక్కటిగా తెలుసుకొని రాశారు. పాత డ్రైవర్‌ను కంపెనీ వదిలేయవచ్చు గాని, ఇలా బహిరంగంగా రాసినదానిని తరువాత వచ్చినవారు కొత్త కంప్యూటర్లకు తగినట్లు దిద్దుకుంటూ పోవచ్చు. ఇరవై ఏళ్ళ నాటి స్కానర్ ఈనాటి లినక్స్‌లో నడవడానికి కారణం ఇదే.

ముందుగా యంత్రాన్ని దించి దుమ్ము తుడవండి. దానిని తిప్పి అడుగుభాగం చూడండి. ప్రయాణంలో లోపలి బండి కదలకుండా చాలా స్కానర్లకు అడుగున గాని పక్కన గాని ఒక లాక్ మీట ఉంటుంది. తాళం బొమ్మ వేసి ఉంటుంది. అది మూసి ఉండగా స్కాన్ చేయబోతే గరగరమని శబ్దం వస్తుంది, పని జరగదు. "పాడైపోయింది" అని తీర్పు పొందిన స్కానర్లలో కొన్నిటి నేరం ఇంతే. అద్దాన్ని మెత్తని గుడ్డను కొంచెం తడిపి, పిండి, తుడవాలి. నీళ్ళు నేరుగా అద్దం మీద పోయకూడదు, అంచుల్లోనుంచి లోపలికి దిగుతాయి.

తీగ ఎటువంటిదో చూడండి. ఒక చివర చతురస్రంగా, ఒక చివర పలకగా ఉంటే అది యుఎస్‌బి, భయం లేదు. పాతికేళ్ళ కిందటి వాటిలో కొన్నిటికి ప్రింటర్ తీగలాగా ఇరవై అయిదు సూదులున్న వెడల్పాటి ముఖం ఉంటుంది. అటువంటి వాటి మీద శ్రమ పడవద్దని నా సలహా. ఆ రంధ్రం ఉన్న కంప్యూటరే ఇప్పుడు దొరకడం కష్టం.

ఇక లినక్స్. దీనికోసం ఉన్న కంప్యూటర్‌ను తుడిచిపెట్టనవసరం లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే "లినక్స్ వేస్తే మా పిల్లల ఫొటోలు పోతాయి" అని జంకేవారు ఉన్నారు. లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాని నుండే కంప్యూటర్‌ను నడిపి చూడవచ్చు. లినక్స్ మింట్ అనేది మనవంటివారికి అలవాటైన రూపంలో ఉంటుంది. రెండు జీబీ మెమరీ ఉన్న కంప్యూటర్‌లో నడుస్తుంది, నాలుగు ఉంటే హాయి. ఇంటర్నెట్ ఉన్నచోట దానిని దించుకొని, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది, అది ఖాళీది అయి ఉండాలి. కాలేజీ చదివే కుర్రవాళ్ళు ఎవరికైనా ఇది అరగంట పని. కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గాని, ఎఫ్9 గాని, ఎస్కేప్ గాని నొక్కితే (ఒక్కో కంపెనీది ఒక్కో మీట) ఎక్కడినుండి మొదలుకావాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ అని చెప్పాలి. మింట్ తెర మీదికి వచ్చాక హార్డ్‌డిస్కు జోలికి పోకుండానే అన్నీ చూడవచ్చు. ఇన్‌స్టాల్ అనే బొమ్మ ఒకటి కనబడుతుంది. దానిని ముట్టవద్దు.

ఇప్పుడు స్కానర్ తీగ తగిలించి, మెనూలో డాక్యుమెంట్ స్కానర్ అనే ప్రోగ్రాం తెరవండి. దీని పాత పేరు సింపుల్ స్కాన్. స్కాన్ అనే మీట నొక్కండి. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది: లోపలి దీపం వెలిగి, బండి కదిలి, పేజీ తెర మీద పరచుకుంటుంది. సీడీ లేదు, డ్రైవర్ వెదకడం లేదు. మా సంఘంలోని స్కానర్ కానన్ వారి కానోస్కాన్ లైడ్ 20. అది ఇలాగే మొదటి తడవకే లేచి కూర్చుంది. మా సంఘపెద్ద ఒకాయన "లాజరు" అని పేరు పెట్టారు, ఇప్పుడు అందరూ అదే పేరుతో పిలుస్తున్నారు.

లేవని వాటి సంగతి కొంచెం ఓపికగా చదవండి. టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరిచి, ఎల్ ఎస్ యు ఎస్ బి అనే అయిదు ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే, కంప్యూటర్‌కు తగిలించి ఉన్నవన్నీ వరుసగా చూపిస్తుంది. అందులో ప్రతి దానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మా లైడ్ 20ది 04ఎ9:220డి. మొదటి నాలుగు కంపెనీని, తరువాతి నాలుగు మోడల్‌ను తెలుపుతాయి. మనకు ఇంటిపేరు, పేరు ఉన్నట్లే. ఈ సంఖ్యను ఒక కాగితం మీద రాసి స్కానర్ వెనుక అంటించండి. సేన్ ప్రాజెక్టు వారు స్కానర్ల పెద్ద జాబితా ఒకటి ఉంచుతారు. అందులో ప్రతి మోడల్ ఎదుట దాని పరిస్థితి కంప్లీట్, గుడ్, బేసిక్, మినిమల్, అన్‌టెస్టెడ్, అన్‌సపోర్టెడ్ అనే మాటల్లో ఉంటుంది. కంప్లీట్ గాని గుడ్ గాని అని ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్ళండి. అన్‌సపోర్టెడ్ అని ఉంటే అక్కడితో ఆగడం మేలు. పట్టుదలతో రాత్రంతా కూర్చున్నా లేని దుభాషి రాడు.

ఒకే బ్రాండు పేరు మీద వచ్చినవన్నీ ఒకే జాతి అనుకోరాదు. లైడ్ 20, 30లను ప్లస్టెక్ అనే బ్యాకెండ్ నడుపుతుంది. ఆ తరువాత వచ్చిన లైడ్ 100, 110, 200, 210లను జెనెసిస్ అనే మరొక బ్యాకెండ్ నడుపుతుంది. ప్లస్టెక్ అన్నది వేరొక కంపెనీ పేరు గదా, కానన్ స్కానర్‌కు అదేమిటి అని మీరు అడగవచ్చు. పైన డబ్బా ఎవరిదైనా లోపలి చిప్పు ఒకే జాతిదైతే దుభాషి కూడా ఒక్కడే సరిపోతాడు. గోదావరి జిల్లా మనిషికీ పాలమూరు మనిషికీ యాస వేరైనా భాష ఒక్కటే అయినట్లు.

తరువాతి పరీక్షకు రెండు ఆజ్ఞలు ఉన్నాయి. సేన్-ఫైండ్-స్కానర్ అనేది తీగ చివర స్కానర్ అనే ప్రాణి ఏదైనా ఉన్నదా అని మాత్రం చూస్తుంది. స్కాన్‌ఇమేజ్ అనేది (దీనిని టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులో స్కాన్ చివరి ఎన్ తరువాత ఐ వెంటనే రావాలి, నడుమ ఖాళీ ఉండదు) ఒక ఖాళీ వదిలి, అడ్డగీత, పెద్ద ఎల్ చేర్చి కొడితే, దుభాషి దొరికిన స్కానర్లను చూపిస్తుంది. మొదటి ఆజ్ఞకే ఏమీ కనబడకపోతే తీగ, కరెంటు, రంధ్రం చూసుకోండి. మొదటిదానికి కనబడి రెండవదానికి కనబడకపోతే మూడు కారణాలు ఉండవచ్చు.

ఒకటి, ఆ మోడల్‌కు బ్యాకెండ్ లేదు. రెండు, అనుమతి లేదు. రెండవ ఆజ్ఞకు ముందు సూడో అనే మాట చేర్చి, అంటే యజమాని హోదాలో, కొట్టి చూడండి. అప్పుడు కనబడితే అనుమతి లోపమే. మీ యూజర్ పేరును స్కానర్ అనే గుంపులో చేర్చి, ఒకసారి లాగ్ అవుట్ అయి తిరిగి లోపలికి వస్తే సరిపోతుంది. ఈ రోజుల్లో వచ్చే లినక్స్‌లలో ఈ బాధ అంతగా లేదు.

మూడవది కొంచెం చిత్రమైనది. కొన్ని స్కానర్లకు తమ సొంత బుద్ధి తమలో ఉండదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఒక చిన్న ఫైలును వాటిలోకి పంపాలి, అప్పుడే అవి మేలుకుంటాయి. ఆ ఫైలును ఫర్మ్‌వేర్ అంటారు. ఎప్సన్ వారి పర్ఫెక్షన్ 2480, 3490 వంటివి ఈ జాతివే. వీటిని స్నాప్‌స్కాన్ అనే బ్యాకెండ్ నడుపుతుంది. ముస్టెక్ వారి బేర్‌పా స్కానర్లలో కొన్ని కూడా ఇటువంటివే, వాటి బ్యాకెండ్ పేరు జీటీ68ఎక్స్‌ఎక్స్. ఫర్మ్‌వేర్ ఆయా కంపెనీల ఆస్తి కాబట్టి లినక్స్ వారు దానిని తమతో కలిపి ఇవ్వలేరు. స్కానర్‌తో వచ్చిన ఆ పాత సీడీలో అది ఉంటుంది. సీడీలోనుండి తీసి, బ్యాకెండ్ చెప్పిన చోట పెట్టాలి. స్నాప్‌స్కాన్‌కైతే దాని కాన్ఫిగరేషన్ ఫైలులో ఫర్మ్‌వేర్ ఎక్కడ ఉన్నదో దారి రాయాలి. అందుచేత సీడీలను పక్షులను తోలడానికి చేలో కట్టేముందు ఒకసారి చూసుకోండి.

ఇంకొక చిక్కు ఉన్నది. స్కానర్ మొదటిసారి చక్కగా పని చేసి, రెండవసారి మొరాయిస్తుంది. తీగ పీకి పెడితే మళ్ళీ ఒకసారి పని చేస్తుంది. కొత్త కంప్యూటర్లలోని యుఎస్‌బి 3 రంధ్రాలకూ (లోపల నీలి రంగు పలక తరచుగా దాని గుర్తు) పాత స్కానర్లకూ పొత్తు కుదరకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. నల్ల పలక ఉన్న రంధ్రంలో పెట్టి చూడండి. అన్నీ నీలివే అయితే మధ్యలో ఒక యుఎస్‌బి 2 హబ్ పెట్టి చూడండి. కుదరకపోతే, సేన్ వారు ఇందుకోసమే సేన్ యుఎస్‌బి వర్క్‌ఎరౌండ్ అనే ఒక అమరిక ఉంచారు. తెలిసినవారి చేత దాని విలువ 1గా పెట్టించండి. ప్రింటరూ స్కానరూ ఒక్కటిగా ఉండే హెచ్‌పీ యంత్రాలకైతే హెచ్‌పీలిప్ అనే వేరే ప్యాకేజీ ఉన్నది, అది వేసుకుంటే చాలు.

"ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అయ్యగారూ?" అని మా యవ్వనస్థులు అడిగారు. మంచి ప్రశ్నే. ఒక్క కాగితాన్ని వెంటనే ఎవరికైనా పంపడానికి ఫోనే మేలు. కాని రెండు వందల పేజీలను ఫోన్‌తో తీస్తే ఒకటి వంకర, ఒకదాని మీద చేతి నీడ, ఒకదానికి మూల మసక. స్కానర్‌లో ప్రతి పేజీకీ అదే వెలుగు, అదే కొలత. వందేళ్ళ తరువాత చూసేవాడు ఆ అక్షరం ఎంత ఎత్తున ఉన్నదో కూడా లెక్క కట్టగలడు. మనకు కావలసింది అదే, ఎందుకంటే నా మనసులో ఉన్నది సంఘపు రిజిస్టర్లు.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు పల్లెలో పుట్టిన బిడ్డ పుట్టుక అంతంత మాత్రంగానే కాగితమెక్కేది. చాలా కుటుంబాలకు తాతల తండ్రుల పేర్లు, తేదీలు మిగిలి ఉన్న ఒకే ఒక చోటు సంఘపు బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు. వాటికి రెండవ ప్రతి లేదు. చెదలు ఉన్నాయి, వానకు కారే పైకప్పు ఉన్నది. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిన ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చుకుపోయింది. అక్కడి పెద్దలు మనుషులను గూర్చి, పశువులను గూర్చి చెప్పేటప్పుడు కాగితాలను గూర్చి చెప్పరు, చెప్పడానికి మనసు రాదు. కాని వెళ్ళిపోయిన మనుషుల పేర్లు ఉన్న పుస్తకాలు కూడా నీళ్ళలోనే వెళ్ళిపోయాయి.

మా సంఘంలో ఒక తల్లి ఉన్నారు. ఆధార్ కార్డులో ఆమె పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, ఊళ్ళో సగం మంది పెద్దలకు ఉన్నట్లే. ఆమె వచ్చి అడిగింది తేదీ కాదు. నెలల బిడ్డగా ఉండగానే ఆమె తల్లి చనిపోయింది. ఫొటో లేదు. పెంచినవారు "మీ అమ్మ" అనే అనేవారు గాని పేరు చెప్పలేదట, ఇప్పుడు అడుగుదామంటే వారూ లేరు. "నా బాప్తిస్మం రాసిన పుస్తకంలో మా అమ్మ పేరు ఉంటుందా అయ్యగారూ?" అని అడిగారు. 1961 నాటి పేజీ తీశాము. నీలి సిరా చెమ్మకు వెలిసిపోయి, పసుపు పట్టిన కాగితం మీద నీడలాగా మిగిలింది. తండ్రి పేరు చదవగలిగాము. తల్లి పేరు ఉన్న గడిలో ఏదో ఉన్నదని తెలుస్తున్నది గాని అక్షరం కూడుకోవడం లేదు.

పాత రిజిస్టర్లు ఉన్న ప్రతి సంఘానికీ పనికివచ్చే ఉపాయం ఒకటి ఉన్నది. అటువంటి పేజీని నలుపు తెలుపులో స్కాన్ చేయకూడదు, రంగులోనే చేయాలి. రంగు చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలు ఉంటాయి. జింప్ అనే ఉచిత ప్రోగ్రాంతో వాటిని విడదీసి ఒక్కొక్కటిగా చూడవచ్చు. నీలి సిరా ఎర్రని వెలుగును మింగుతుంది, పసుపు పట్టిన కాగితం ఎర్రని వెలుగును తిరిగి పంపుతుంది. అందువల్ల ఎరుపు పొరలో కాగితం తెల్లగా, సిరా నల్లగా తేలుతుంది. మా లైడ్ వంటి పలుచని స్కానర్లలో తెల్లని దీపం ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడు వెంటవెంటనే వెలుగుతాయి. అంటే ఆ ఎరుపు పొర నిజంగా ఎర్రని దీపం కింద తీసినదే. 600 డీపీఐలో తీసి, ఎరుపు పొర మాత్రం ఉంచి, కొంచెం ముదురు చేశాము. ఆ గడిలో "మరియమ్మ" అని వచ్చింది. ఆమె చాలాసేపు తెర వైపే చూశారు. తరువాత "మా పెద్దమ్మాయికి ఈ పేరే పెట్టాను, ఎందుకు పెట్టానో నాకే తెలియదు" అన్నారు.

రిజిస్టర్ల పనికి దిగేవారికి కొన్ని లెక్కలు. డీపీఐ అంటే అంగుళంలో ఎన్ని చుక్కలు అని. రాతకు 300 చాలు. వెలిసిన రాతకు, చిన్న ఫొటోలకు 600. అంతకు మించి పెంచితే ఫైలు ఉబ్బుతుంది తప్ప కొత్తగా కనబడేది తక్కువ. 300 డీపీఐలో ఎ4 పేజీ అంటే వెడల్పున 2480 చుక్కలు, ఎత్తున 3508. కుదించకుండా ఉంచితే రంగులో సుమారు 26 ఎంబీ, బూడిద రంగులో 8.7 ఎంబీ. రెండు వందల పేజీలు రంగులో తీసినా సుమారు 5.2 జీబీ, ఒక మామూలు పెన్‌డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీ మిగులుతుంది. కాబట్టి చోటు కోసం పిసినారితనం చేసి లైన్ ఆర్ట్ అనే శుద్ధ నలుపు తెలుపును ఎంచుకోకండి. వెలిసిన గీతలు అందులో శాశ్వతంగా పోతాయి. దాచుకునే ప్రతిని టిఫ్ గాని పీఎన్‌జీ గాని పద్ధతిలో ఉంచి, పంచుకునే ప్రతిని జేపెగ్ చేసుకోండి.

మన పాత రిజిస్టర్లు ఫూల్‌స్కేప్ కొలతవి, పదమూడు అంగుళాలకు పైగా పొడవు. స్కానర్ అద్దం ఎ4 కొలత, పన్నెండు అంగుళాల లోపే. కింది రెండు మూడు వరసలు బయట ఉండిపోతాయి. అవి సాక్షుల సంతకాలు అయ్యే అవకాశం ఎక్కువ. పేజీని పై సగం, కింది సగం అని రెండుసార్లు తీయండి, మధ్యలో అయిదారు వరసలు రెండింటిలోనూ రానివ్వండి. అతికించే శ్రమ అవసరం లేదు. క, ఖ అని పేర్లు పెట్టి రెండూ ఉంచితే చాలు. పలుచని కాగితానికి వెనుక వైపు రాత ముందుకు తెలుస్తుంటే, పేజీ వెనుక నల్లని అట్ట పెట్టండి. ఎక్స్‌సేన్ అనే ప్రోగ్రాం ఫైళ్ళకు వరుస సంఖ్యలు తానే వేస్తుంది, పేజీ హద్దు ఒకసారి గీస్తే ప్రతిసారీ అదే హద్దు వాడుతుంది. పెద్ద పుస్తకానికి అదే అనుకూలం.

పలుచని స్కానర్లకు ఒక బలహీనత ఉన్నది. కాగితం అద్దానికి పూర్తిగా ఆనితేనే స్పష్టంగా వస్తుంది, కుట్టు దగ్గర లేచిన భాగం మసకబారుతుంది. గొట్టపు దీపం ఉండే లావుపాటి పాత స్కానర్లు ఈ విషయంలో మెరుగు. అంతమాత్రాన పుస్తకం వీపు విరిచి నొక్కవద్దు. కుట్టు బిగువుగా ఉండి పేజీలు పెళుసుగా ఉన్న పుస్తకాన్ని స్కానర్ మీద పెట్టనే వద్దు. కిటికీ వెలుగులో, పైనుండి ఫోన్‌తోనే తీయండి. మా యవ్వనస్థుల మాట అక్కడ నెగ్గింది.

అచ్చు పుస్తకాలైతే స్కాన్ చేసిన బొమ్మను అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ అనే ప్రోగ్రాం కూడా ఉచితంగా ఉన్నది. 1980లలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో మొదలై, 2005లో బహిరంగమైంది. తెలుగు కూడా చదువుతుంది. ఒత్తుల దగ్గర, ద-ధల దగ్గర తడబడుతుంది. చేతిరాత దానికి రాదు. రిజిస్టర్ల చేతిరాత చదవడానికి ఇప్పటికీ సంఘంలోని పెద్ద కళ్ళే కావాలి. ఆ కళ్ళు మనతో ఉండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.

స్కాన్ చేసిన పేజీలను వాట్సాప్ గుంపుల్లో పెట్టవద్దు. ఎవరు ఏ తేదీన బాప్తిస్మం పొందారన్నది మనకు సంతోషమైన సంగతి గాని, ఊళ్ళో కొందరి చేతిలో అది ఒక కుటుంబం మీద ఎత్తే కర్ర కూడా కాగలదు. అడిగిన కుటుంబానికి వారి వరస మాత్రం కత్తిరించి ఇవ్వండి, పేజీలోని మిగతావారివి కాదు. మొత్తం ప్రతులు రెండు పెన్‌డ్రైవ్‌లలోనో హార్డ్‌డిస్కుల్లోనో ఉంచి, ఒకటి వెస్ట్రీలో, ఒకటి వేరే ఊళ్ళోని నమ్మకస్థుని దగ్గర దాచండి. రెండూ ఒకే బీరువాలో ఉంటే ఒక్కటి ఉన్నట్లే. ఏడాదికి ఒకసారి తెరిచి చూడండి, పెన్‌డ్రైవ్‌లు చెప్పకుండా చనిపోతాయి. అసలు రిజిస్టరును మాత్రం పారేయకండి. సర్టిఫికెట్ ఇవ్వవలసి వచ్చినప్పుడు ఎదుటివారు చూపమనేది దానినే. నూలు గుడ్డలో చుట్టి, గోడకు ఆనని అరలో, నేలకు మూరెడు ఎత్తున పెట్టండి.